ఒక్క చుట్టు రేకు

మా అమ్మ ఉంగరానికి కింది వైపున ఎప్పుడూ ఒక తెల్లదారం చుట్టి ఉండేది. అది పెళ్ళినాటి ఉంగరం. వయసు పైబడ్డాక వేళ్ళు చిక్కిపోయి ఉంగరం జారడం మొదలుపెట్టింది. కంసాలి దగ్గరికి వెళ్తే కోసి అతకాలంటాడు, తరుగంటాడు, మజూరీ అంటాడు. ఆ గొడవంతా ఎందుకని అమ్మ జాకెట్లు కుట్టే దారం తీసుకుని పది చుట్లు చుట్టి ముడేసింది. పండగ వస్తోందంటే మాసిన దారం విప్పేసి కొత్తది చుట్టుకునేది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ ఉంగరం వేలు దిగలేదు. శకుంతలకి ఈ ఉపాయం చెప్పే పెద్దముత్తయిదువ ఎవరూ దొరకలేదు కాబట్టి కాళిదాసుకి నాటకం దక్కింది.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఉంగరం గురించి కాదు, సైకిల్ సీటు గురించి. సీటు కింద ఉండే రాడ్డు ఫ్రేము గొట్టంలో వదులైతే ఆ సందులో ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి అన్నదే సంగతి. షాపులో దాన్ని సీట్ పిల్లర్ అంటారు, కొత్తరకం సైకిళ్ళవాళ్ళు సీట్ పోస్ట్ అంటారు, మన ఇళ్ళల్లో సీటు రాడ్డు. పేరుకి రాడ్డే గానీ అది లోపల బోలుగా ఉండే గొట్టం. ఇంత చిన్న విషయానికి పావుగంట ప్రసంగమా అని మీకనిపిస్తే తప్పులేదు. నాకు మాత్రం ఆ సందు పూడ్చడానికి మూడు నెలలు పట్టింది.

నేను విజయవాడలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. ఆ మధ్య రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరుగారు పెదవి విరిచారు. రోజూ నడవండి, నడవలేకపోతే సైకిలన్నా తొక్కండి అన్నారు. నడక నాకు విసుగు. పాత సామాన్ల కొట్టులో ఒక గేర్ల సైకిల్ దొరికింది. ఫ్రేము బాగుంది, చక్రాలు బాగున్నాయి. సీటు లేదు, దాని రాడ్డూ లేదు. ఒక షాపులో రెండూ కొని, అక్కడే బిగింపించుకుని ఇంటికొచ్చాను.

మొదటివారం హాయిగా గడిచింది. పొద్దున్నే పద్మావతి ఘాట్ దాకా వెళ్ళడం, కృష్ణ మీద గాలి పీల్చుకుని తిరిగి రావడం. రెండోవారంలో చప్పుడు మొదలైంది. కుడికాలు దిగితే కిర్రు, ఎడమకాలు దిగితే కిర్రు. చైనుకి నూనె వేశాను. పెడళ్ళు విప్పి గ్రీజు పెట్టాను. తగ్గలేదు. చివరికి ఒకరోజు ఫ్లైఓవర్ ఎక్కుతూ సీటు మీంచి లేచి నిలబడి తొక్కితే చప్పుడు ఠక్కున ఆగిపోయింది. కూర్చుంటే మళ్ళీ కిర్రు. మీ సైకిల్ కూడా ఇలా మూలిగితే ముందు ఈ పరీక్ష చేయండి. నిలబడి తొక్కినప్పుడు చప్పుడు పోయిందంటే రోగం చైనులో లేదు, సీటులోనో దాని కింది రాడ్డులోనో ఉంది.

ఇంటికొచ్చి సీటు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపాను. కదులుతోంది. బోల్టు వదులై ఉంటుందని పానా పెట్టి బిగించాను. మర్నాడు మళ్ళీ అంతే. ఇంకాస్త బిగించాను. సీటు కింద ఫ్రేము గొట్టం చూడండి, వెనకవైపు నిలువునా ఒక గంటు కోసి ఉంటుంది. ఆ గంటుకి అటూ ఇటూ రెండు చెవులు, వాటి మధ్య బోల్టు. బోల్టు బిగిస్తే చెవులు దగ్గరకొచ్చి గొట్టం రాడ్డుని పట్టుకోవాలి. నేను బిగించిన బిగింపుకి చెవులు రెండూ ఒకదానికొకటి అంటుకుపోయాయి. అంటుకున్నాక ఇక పట్టుకోవడానికేముంది? నా బలమంతా చెవులు మోశాయి, రాడ్డుకి ఏమీ చేరలేదు. ఇంకొక్క చుట్టు తిప్పేసరికి బోల్టు మర కాస్తా అరిగి గిర్రున తిరిగింది.

కొత్త బోల్టు తెచ్చాను. ఈసారి తెలివి ఉపయోగించాననుకుని, పాత ట్యూబు ముక్క కత్తిరించి రాడ్డుకి చుట్టి దించాను. రెండురోజులు నిశ్శబ్దం. మూడోరోజు ఇంటికొచ్చేసరికి నా మోకాళ్ళు హ్యాండిల్‌కి తగులుతున్నాయి, అంటే సీటు నాకు తెలియకుండానే దిగిపోయింది. రబ్బరు నలుగుతుంది, సాగుతుంది, నిలిచి మోయదు. తర్వాత శుభలేఖ అట్ట చుట్టాను. అది వాన తగిలేదాకా బాగానే ఉంది. ఆ తర్వాత గొట్టంలోంచి ముద్దముద్దగా బయటికి తీశాను.

మా వీధి చివర ఒక సైకిల్ షాపు ఉంది. షాపంటే వేపచెట్టు, ఒక గాలిపంపు, నీళ్ళ తొట్టి. దాన్ని నడిపే పెద్దాయనకి డెబ్బై దాటి ఉంటాయి. ఒకప్పుడు గంట లెక్కన అద్దె సైకిళ్ళు తిప్పినవాడు. రోజుకి పాతికమంది పిల్లల కాళ్ళ పొడుగుని బట్టి సీట్లు ఎక్కించి దించినవాడు. ఆయన దగ్గరికి సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళాను.

"బాబాయ్, ఎంత బిగించినా నిలవడం లేదు."

ఆయన సీటు పట్టుకుని ఒకసారి ఊపాడు. వంగి చెవుల వంక చూశాడు.

"మీరు బిగించింది బోల్టుని మాస్టారూ. సందుని కాదు."

బోల్టు పూర్తిగా వదులుచేసి రాడ్డుని గొట్టంలో అటూ ఇటూ ఆడించాడు. గుడిగంట నాలుకలా టకటకలాడింది. "ఇది ఈ ఫ్రేముది కాదు. ఎవరో అంటగట్టారు. కొలవలేదా? మీరు కాలేజీలో పిల్లలకి చెప్పేది కొలతలే కదా?"

నేను ఇరవై ఏళ్ళుగా పిల్లలకి మొదటి ప్రాక్టికల్ వెర్నియర్ కాలిపర్‌తోనే మొదలుపెడతాను. లీస్ట్ కౌంట్ ఎంత అని అడిగి, చెప్పలేనివాణ్ణి నిలబెడతాను. పియరీ వెర్నియర్ అనే ఫ్రెంచి ఆయన 1631లో ఆ చిన్న స్కేలు సంగతి లోకానికి చెప్పాడని కూడా చెబుతాను. అలాంటివాణ్ణి, నా సొంత సైకిల్‌కి కాలిపర్ పెట్టాలని తోచనే లేదు. మర్నాడు ల్యాబులోంచి కాలిపర్ తెచ్చి కొలిచాను. రాడ్డు బయటి కొలత 25.4 మిల్లీమీటర్లు. ఫ్రేము గొట్టం లోపలి కొలత 26 మిల్లీమీటర్లు. తేడా 0.6. మిల్లీమీటరులో అరవంతు కన్నా కాస్త ఎక్కువ.

అంత సందు ఏం చేస్తుందని మీరు అనొచ్చు. రాడ్డు ఏడు సెంటీమీటర్లు గొట్టంలో ఉంది, పద్ధెనిమిది సెంటీమీటర్లు పైన ఉంది. బోల్టు పై అంచు దగ్గర మాత్రమే పట్టుకుంటుంది, కింది కొస ఖాళీలో ఊగుతుంది. అక్కడ 0.6 ఊగితే సీటు దగ్గర ఒకటిన్నర మిల్లీమీటర్లు ఊగుతుంది. నిమిషానికి అరవైసార్లు పెడల్ తిరిగితే అరగంటలో 1800 చుట్లు. చుట్టుకి రెండు ఊపుల చొప్పున 3600 ఊపులు. నేను రోజూ నా బరువంతా వేసి ఆ గొట్టాన్ని లోపలినుంచి 3600 సార్లు కొడుతున్నానన్న మాట. అలా కొట్టగా కొట్టగా గుండ్రంగా ఉండాల్సిన గొట్టం కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. ఆ తర్వాత గంటు కింది కొసలో పగులు మొదలవుతుంది. అప్పుడు పోయేది రాడ్డు కాదు, ఫ్రేమే.

అసలు ఇన్ని కొలతలు ఎందుకొచ్చాయి? గాజుల కొట్టుకి వెళ్తే రెండు-నాలుగు, రెండు-ఆరు, రెండు-ఎనిమిది అని చెబుతారు. రెండంగుళాల మీద పదహారోవంతుల లెక్క అది. సైకిల్ రాడ్డుల్లో లెక్క ఇంకా సన్నం. 25.4, 25.6, 25.8, 26, 26.2, 26.4 అంటూ మిల్లీమీటరులో అయిదోవంతు మెట్టుతో 27.2 దాకా పోతుంది. ఆపైన 30.9, 31.6 లాంటివీ ఉన్నాయి. కంటికి అన్నీ ఒకటే. రెండు రాడ్డులు పక్కపక్కన పెట్టి చూసినా తేడా తెలియదు.

దీనికి మూలం ఇంగ్లండులో ఉంది. అక్కడి సైకిళ్ళలో సీటు కింది గొట్టం బయటి కొలత ఒకటీ ఎనిమిదోవంతు అంగుళం, అంటే 28.6 మిల్లీమీటర్లు. ఫ్రాన్సువాళ్ళు మీటర్ల లెక్కవాళ్ళు కాబట్టి చక్కగా 28 మిల్లీమీటర్లు పెట్టుకున్నారు. బయటి కొలత ఇలా స్థిరంగా ఉంటే, లోపలి కొలత గొట్టం గోడ మందాన్ని బట్టి మారుతుంది. చవక ఉక్కుతో చేస్తే గోడ మందంగా ఉండాలి, లోపల చోటు తగ్గుతుంది. మేలురకం ఉక్కయితే గోడ పల్చగా లాగొచ్చు, చోటు పెరుగుతుంది. బర్మింగ్‌హామ్‌లో రెనాల్డ్స్ అనే కంపెనీ ఉంది. కొసలు మందంగా, నడుమ పల్చగా ఉండే గొట్టానికి ఆ ఇంటివాళ్ళు 1897లోనే పేటెంటు తీసుకున్నారు. 1935లో వాళ్ళు తెచ్చిన 531 రకం గొట్టంతో కట్టిన ఫ్రేములకి 27.2 రాడ్డు సరిపోయేది. మేలైన సైకిల్ అంటే 27.2 అన్న లెక్క అలా వాడుకలో పడింది. ఆ కాలపు ఉక్కు సైకిళ్ళలో రాడ్డు కొలత చూసి ఫ్రేము నాణ్యత ఇంచుమించు చెప్పొచ్చు. రాడ్డు లావైన కొద్దీ గొట్టం గోడ పల్చన, సైకిల్ తేలిక.

మరి 25.4 ఎక్కడిది? అది ఒక్క అంగుళం, అంతే. మన దేశం 1950ల చివర్లో మీటర్లలోకి, కిలోల్లోకి మారింది గానీ సైకిల్ షాపు మారలేదు. ఈనాటికీ 22 అంగుళాల ఫ్రేము, 28 అంగుళాల చక్రం అనే అంటారు. అంగుళం రాడ్డు ఏ షాపులో అడిగినా దొరుకుతుంది. అందుకే నా ఫ్రేము 26 కోరుకుంటే దానికి 25.4 దక్కింది. దొరికింది తొడిగారు, బోల్టు బిగించారు, డబ్బు పుచ్చుకున్నారు. అమెరికాలో మసాచుసెట్స్‌లో షెల్డన్ బ్రౌన్ అని ఒక సైకిల్ మెకానిక్ ఉండేవాడు, 2008లో పోయాడు. ఏ సైకిల్‌కి ఏ కొలత రాడ్డు పడుతుందో పెద్ద పట్టికే తయారుచేసి పెట్టాడాయన. ఒక మనిషి కూర్చుని పట్టిక రాయాల్సి వచ్చిందంటే ఈ తికమక ఒక్క మన ఊరిది కాదని తెలుస్తోంది కదా.

సరైన కొలత రాడ్డు దొరికితే అదే కొనుక్కోవాలి. అందులో రెండో మాట లేదు. రాడ్డు కింది భాగంలో కొలత చాలామటుకు చెక్కి ఉంటుంది, చూసి తెచ్చుకోండి. బోల్టు వదులుగా ఉన్నప్పుడు రాడ్డు చేత్తో తోస్తే కొద్దిపాటి బిగువుతో దిగాలి, పక్కలకి ఊగకూడదు. అది సరైన జోడీ. నేను 26 కోసం బీసెంట్ రోడ్డు దగ్గర్నుంచి తిరిగాను, దొరకలేదు. అప్పుడిక మిగిలింది సందు పూడ్చడం. పనివాళ్ళు దీన్ని షిమ్ అంటారు, ప్యాకింగ్ అని కూడా అంటారు. గొడ్డలి కామ వదులైతే చెక్కముక్క దిగ్గొట్టినవాళ్ళకి, ఉంగరానికి దారం చుట్టినవాళ్ళకి ఈ విద్య కొత్తది కాదు. పేరే కొత్త.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. నా తేడా 0.6 కదా, 0.6 మందం రేకు తెస్తే? దూరదు. రేకు రాడ్డు చుట్టూ తిరుగుతుంది కాబట్టి కుడివైపొక పొర, ఎడమవైపొక పొర పడతాయి. తేడాలో సగమే రేకు మందం. నాకు కావలసింది 0.3. మీ ఫ్రేము 27.2, రాడ్డు 25.4 అయితే తేడా 1.8, కావలసిన మందం 0.9. ఈ సగం సంగతి ఒక్కటి గుర్తుంటే పని సగం అయినట్టే.

ఇంట్లో కాలిపర్ ఉండదు కదా అంటారు. బాబాయ్ దగ్గరా లేదు. ఆయన పద్ధతి వేరు. "మాస్టారూ, ఒక జిరాక్స్ కాగితం ఇవ్వండి" అన్నాడు. దాన్ని పొడుగాటి పట్టీగా చింపి రాడ్డుకి ఒక చుట్టు చుట్టి దించాడు, ఊగింది. రెండు చుట్లు, కొంచెం ఊగింది. మూడు చుట్లు చుట్టి దించితే పట్టుగా దిగింది. "మూడు కాగితాల సందు" అన్నాడు. నేను ఆ కాగితాన్ని ల్యాబులో స్క్రూ గేజి కింద పెట్టి చూశాను. మామూలు జిరాక్స్ కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు. మూడు చుట్లంటే 0.3. నా కాలిపర్ చెప్పిన లెక్కే ఆయన కాగితమూ చెప్పింది. కాగితం లోపల ఉంచడానికి పనికిరాదు గానీ కొలవడానికి దివ్యంగా పనికొస్తుంది. ఈ ఉపాయం మీరూ వాడుకోండి. కాగితంతో కొలవండి, లోహంతో పూడ్చండి.

ఏ లోహం? అందరికీ అందేది కూల్ డ్రింకు డబ్బా. దాని పక్కగోడ అల్యూమినియం, మందం ఇంచుమించు 0.1 మిల్లీమీటరు. మామూలు కత్తెరతో తెగుతుంది. ఒక్క చుట్టు చుడితే కొలత 0.2 పెరుగుతుంది. ఇందాక చెప్పాను, రాడ్డుల కొలతలు 0.2 మెట్టుతో పెరుగుతాయని. అంటే ఒక డబ్బా రేకు చుట్టు సరిగ్గా ఒక మెట్టు. డబ్బా చేసినవాడు సైకిల్ గురించి ఆలోచించి ఉండడు, సైకిల్ చేసినవాడు డబ్బా గురించి ఆలోచించి ఉండడు. అయినా రెండూ కుదిరాయి. మీ రాడ్డు ఒక మెట్టు తక్కువైతే డబ్బా రేకు ఒక్క చుట్టు చాలు.

నాకు మూడు మెట్లు. డబ్బా రేకు మూడు చుట్లు చుట్టి చూశాను. దించేటప్పుడు పై చుట్టు అంచు గొట్టానికి తట్టుకుని ముడతపడింది. పల్చటి రేకు రెండు పొరలు మించితే ఇదే బాధ. పైగా చుట్టు మీద చుట్టు వేసినప్పుడు కొస దగ్గర మెట్టులా లేస్తుంది, అక్కడ గొట్టాన్ని వత్తుతుంది. కాబట్టి అసలు సూత్రం ఏమిటంటే, కావలసిన మందం ఎంతో అంత మందం రేకే వెతుక్కుని ఒక్క చుట్టులో తేల్చాలి.

నూనె డబ్బా రేకు ఉంది. మందం బాగానే ఉంటుంది గానీ ఇనుము, పూత గీసుకుపోయిన చోట తుప్పు పడుతుంది. ప్లాస్టిక్ సీసా ముక్క నాలుగురోజులు ఇంటికి చేర్చడానికి సరే, ఒత్తిడికి అది మెల్లగా పక్కకి జరిగిపోతుంది. ఆక్సా బ్లేడు వంగదు, విరుగుతుంది. ఇత్తడి షిమ్ షీటు అన్నిటికన్నా మేలు, మందం ఇంత అని చెప్పి అమ్ముతారు. బేరింగులు అమ్మే కొట్లలో అడగొచ్చు.

నాకు ఇత్తడి అవసరం రాలేదు. మా బావమరిదికి ప్రింటింగ్ ప్రెస్సు ఉంది. ఒకరోజు భోజనాల దగ్గర నా గోడు విని, "బావా, 0.3 అల్యూమినియం రేకు కోసం ఊరంతా తిరుగుతున్నావా? మా దగ్గర తుక్కు కింద అమ్మేది అదే కదా!" అన్నాడు. ఆఫ్‌సెట్ ప్రింటింగులో వాడే ప్లేటు అల్యూమినియం రేకే. చిన్న మిషన్లకి 0.15 మిల్లీమీటరు, పెద్ద మిషన్లకి 0.3 దాకా ఉంటుంది. ఒకసారి అచ్చు అయిపోయాక కిలోల లెక్కన పాత సామాన్లకి పోతుంది. విజయవాడలో ప్రెస్సులకి కొదవా? మర్నాడు క్యాలెండర్ అచ్చువేసిన పాత ప్లేటు ఒకటి చుట్టచుట్టి పంపించాడు.

ఇక పని ఎలా చేశామో చెబుతాను, ఓపిక ఉన్నవాళ్ళు కాగితం మీద రాసుకోండి.

25.4 రాడ్డు చుట్టుకొలత ఎనభై మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. రేకుని 79 మిల్లీమీటర్ల వెడల్పు కత్తిరించాం. కొసలు ఒకదానిమీదొకటి ఎక్కకూడదు, నడుమ సన్నటి సందు మిగలాలి. పొడుగు తొమ్మిది సెంటీమీటర్లు. ఎనిమిది లోపలికి పోవడానికి, ఒకటి పైన మడవడానికి. షిమ్ ఎంత లోతుకి దిగితే అంత మంచిది. పై అంచు దగ్గర ఉంగరంలా వేసి వదిలేస్తే కింది కొస మళ్ళీ గంట నాలుకే. పై సెంటీమీటరుని అక్కడక్కడ గాట్లు పెట్టి పూరేకుల్లా బయటికి విరిచాం. అవి గొట్టం అంచు మీద కూర్చుంటాయి, రేకు లోపలికి జారిపోకుండా ఆపుతాయి.

రేకు అంచులు కత్తిలా ఉంటాయి, చేతులు జాగ్రత్త. అంచులకి ఉప్పు కాగితం రుద్ది గరుకు తీశాం. గొట్టం లోపలి అంచున బొడిపెలేమైనా ఉంటే ఆకురాయితో నాలుగు లాగులు లాగాం. తర్వాత రేకుని రాడ్డుకన్నా సన్నటి పైపు ముక్కకి చుట్టి వదిలితే అదే గుండ్రంగా వంపు తిరిగింది. దాన్ని ముందు గొట్టంలో పెట్టి, కొసల మధ్య సందు ఫ్రేము గంటుకి ఎదురుగా వచ్చేలా తిప్పి, ఆ తర్వాత రాడ్డు దించాం. గంటు, సందు ఒకే వరసలో ఉంటే బోల్టు బిగించినప్పుడు రెండూ కలిసి ముడుచుకుంటాయి.

దించేముందు గ్రీజు రాయడం మరవొద్దు. అల్యూమినియం, ఉక్కు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నచోట ఉప్పునీళ్ళు చేరితే రెండూ పట్టేసుకుంటాయి. చెమట కూడా ఉప్పునీళ్ళే. విశాఖలో, కాకినాడలో, మచిలీపట్నంలో గాలి కూడా ఉప్పే. ఏడాదికి రెండుసార్లు రాడ్డు తీసి తుడిచి మళ్ళీ గ్రీజు పెట్టి దించకపోతే ఒకనాటికి సుత్తి పెట్టి కొట్టినా రాదు. వదులు రాడ్డు కన్నా పట్టేసిన రాడ్డు పెద్ద తలనొప్పి.

బోల్టు ఈసారి రెండు వేళ్ళ బలంతో బిగించాం. చెవులు రెండూ దూరం దూరంగా, ఒకదానికొకటి సమంగా నిలబడ్డాయి. పరీక్ష అదే. చెవులు లోపలికి వంగి కొసలు ముద్దుపెట్టుకుంటున్నాయంటే సందు ఇంకా ఉందని అర్థం, ఇంకా బిగించమని కాదు.

కొన్ని జాగ్రత్తలు. రాడ్డు మీద ఒక అడ్డగీత ఉంటుంది. ఆ గీత ఎప్పుడూ గొట్టంలోపలే ఉండాలి. గీత చెరిగిపోతే, కనీసం బెత్తెడు రాడ్డు, అంటే నాలుగు వేళ్ళూ ఆనించి పెడితే ఎంత వెడల్పో అంత, లోపల ఉండేలా చూడండి. పిల్లలు ఎదుగుతున్నారని సీటు పైకి లాగుతూ పోతాం. ఒకనాడు రెండు వేళ్ళే లోపల మిగులుతుంది. దానికి షిమ్ మందు కాదు, పొడుగు రాడ్డు కొనాలి. గొట్టం దగ్గర పగులు కనిపిస్తే రేకుతో కప్పొద్దు, తొక్కడం మానేసి వెల్డింగు చేసేవాళ్ళకి చూపించండి. ఖరీదైన కార్బన్ సైకిళ్ళకి ఈ ఇంటివైద్యం అసలు వద్దు. రేకు అంచు గీసుకున్న చోట కార్బన్ రాడ్డు చెప్పాపెట్టకుండా విరగొచ్చు.

కొలతల తేడా మిల్లీమీటరు దాటితే కూడా రేకులు వద్దు. 27.2 ఫ్రేములోకి 25.4 రాడ్డు, 31.6లోకి 27.2 రాడ్డు లాంటి జోడీలకి రెడీమేడ్ అల్యూమినియం తొడుగులు అమ్ముతారు. దొరక్కపోతే ఆటోనగర్‌లో ఏ లేత్ మిషన్ దగ్గరికి వెళ్ళినా బుష్ తిప్పి ఇస్తారు. ఒక్క మాట మాత్రం చెప్పాలి వాళ్ళకి. బుష్‌ని నిలువునా ఒకవైపు కోసి ఇవ్వమనాలి. కోత లేని బుష్ ముడుచుకోదు, బోల్టు ఎంత బిగించినా రాడ్డుని పట్టుకోదు.

పని అయ్యాక బాబాయ్‌కి డబ్బివ్వబోతే, "రేకు మీదే, కత్తెర మీదే, నాకెందుకు" అన్నాడు. బలవంతం చేస్తే టీ తాగాడు. తాగుతూ, మిగిలిన ప్లేటు ముక్క నా దగ్గర్నుంచి తీసుకుని తన పెట్టెలో దాచుకున్నాడు. "ఇంకెవరో మాస్టారు వస్తారుగా" అన్నాడు.

సీసపు అక్షరాలు కూర్చే రోజుల్లో అచ్చు ఎప్పుడూ తిరగేసి ఉండేది, అద్దంలో చదువుకోవాల్సిందే. ఆఫ్‌సెట్ ప్లేటు అలా కాదు. దాని మీది బొమ్మ ముందు రబ్బరు మీద పడి, అక్కణ్ణుంచి కాగితం మీదికి పోతుంది. అందుకని ప్లేటు మీద అక్షరాలు సూటిగానే ఉంటాయి. నేను కత్తిరించిన ముక్క మీద శ్రావణమాసంలో రెండు వారాలు పడ్డాయి. వరలక్ష్మీ వ్రతం ఉన్న శుక్రవారం సరిగ్గా గంటు పక్కకి వచ్చింది. ఏడాదికి రెండుసార్లు గ్రీజు పెట్టడానికి రాడ్డు తీసినప్పుడు ఆ శుక్రవారం కనిపిస్తుంది, కాస్త మసకబారి. తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టి, రెండు వేళ్ళతో బోల్టు బిగిస్తాను. అమ్మ పండక్కి దారం మార్చుకున్నట్టు.

పద్మావతి ఘాట్ దాకా వెళ్ళి వస్తున్నాను. కిర్రు లేదు.